ఒక్క దూకు, అయిదు బొమ్మలు

ఇవాళ మీతో దూకుల గురించి మాట్లాడాలని ఉంది. లాంగ్ జంప్, హై జంప్, ట్రిపుల్ జంప్... ఆటల పోటీలంటే జనం పరుగు పందేల దగ్గరే గుమిగూడతారు. దూకే చోట పట్టుమని పదిమంది ఉండరు. జిల్లా మీట్ అయితే మరీను. టేపు పట్టుకున్న ఇద్దరు, ఎర్రజెండా తెల్లజెండా పట్టుకున్న ఒకాయన, తమ వంతు కోసం కాళ్లు సాగదీసుకుంటున్న పిల్లలు, అంతే. నాకు మాత్రం ఆ ఇసుక గుంట పక్కనే నిలబడాలనిపిస్తుంది. చేతిలో కెమెరా ఉంటే ఇక అక్కణ్నుంచి కదలబుద్ధి కాదు.

ఎందుకంటారా? పరుగు పందెం కాసేపైనా కంటికి ఆనుతుంది. దూకు ఆనదు. ఎనిమిది మీటర్లు దూకే మొనగాడైనా నేల విడిచి ఉండేది సెకను లోపే. ఆ కాస్తలోనే ఛాతీ ఎత్తుతాడు, గాలిలో కాళ్లు ఆడిస్తాడు, చేతులు తిప్పుతాడు, చివర్లో కాళ్లు ముందుకు చాపి ఇసుకలో పడతాడు. ఇన్ని పనులు చేస్తే మన కంటికి మిగిలేది 'దూకాడు' అన్న ఒక్క ముక్క. అందులో ఏమేం జరిగాయో తెలియాలంటే వాటన్నిటినీ ఒకే బొమ్మలో పక్కపక్కన పేర్చుకోవాలి. అదే మైదానం, అదే మనిషి, అదే దూకు. బొమ్మలో మాత్రం ఆ మనిషి అయిదుసార్లు కనిపిస్తాడు. ఫొటోగ్రాఫర్లు దీన్ని కాంపోజిట్ అంటారు, కొందరు సీక్వెన్స్ ఫొటో అంటారు. ఈ రకం బొమ్మలంటే నాకు ప్రాణం.

మంచి ఫొటో ఒక్కటుంటే చాలదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1968 అక్టోబరు 18న మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ మొదటి ప్రయత్నంలోనే 8.90 మీటర్లు దూకాడు. అప్పటిదాకా ఉన్న ప్రపంచ రికార్డు 8.35. అంటే ఒక్క దూకుతో 55 సెంటీమీటర్లు ముందుకు జరిపేశాడన్నమాట. దూరం కొలవడానికి అమర్చిన ఆప్టికల్ పరికరానికి అంత దూరం అందలేదు. మామూలు ఉక్కు టేపు తెప్పించి కొలిచారు. ఆ దూకును ఫొటో తీసినవాళ్లలో టోనీ డఫీ అనే ఇంగ్లండు ఆయన ఒకడు. వృత్తిరీత్యా అకౌంటెంటు, సెలవు పెట్టుకుని ఆటలు చూడడానికి వచ్చాడు. ప్రేక్షకుల్లో కూర్చుని తీసిన ఆ ఒక్క ఫ్రేము లోకమంతా తిరిగింది. తర్వాత ఆయన ఆటల ఫొటోలకే ఒక పెద్ద ఏజెన్సీ పెట్టాడు.

ఆ ఫొటో గొప్పది, సందేహం లేదు. కళ్లు విప్పార్చుకుని, నోరు తెరుచుకుని, కాళ్లు ముందుకు చాపి గాలిలో ఉన్న మనిషిని చూస్తే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఓ పీఈటీ మాస్టారు దాన్ని పిల్లలకు చూపించి పాఠం చెప్పాలనుకుంటే ఏం చెబుతాడు? ఆ మనిషి బోర్డు మీద కాలెలా మోపాడు? అంత ఎత్తుకు ఎలా లేచాడు? కాళ్లు ఎప్పుడు చాపడం మొదలుపెట్టాడు? ఒక్క ఫ్రేము వీటికి జవాబివ్వదు. అది ఒక క్షణాన్ని ఎంచి చూపిస్తుంది. ముందూ వెనకా మనం ఊహించుకోవాలి. ఆ ఊహకు వదిలేసిన భాగాన్ని కూడా చూపించడం కాంపోజిట్ పని.

ఒకే బొమ్మలో ఒకే ప్రాణిని రెండుసార్లు చూపడం కెమెరాతో పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. మన కృష్ణా తీరం శిల్పులు దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఆ పని చేశారు. అమరావతి స్తూపంలోని ఒక గుండ్రటి పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. నలగిరి అనే మదపుటేనుగు కథ అది. బుద్ధుడి మీదికి ఉసిగొల్పి ఆ ఏనుగును రాజగృహ వీధిలోకి వదులుతారు. పలకలో ఒక పక్క ఏనుగు మనుషుల్ని తొక్కేస్తూ వీరంగం వేస్తుంటుంది. జనం బెదిరిపోయి మేడ కిటికీల్లోంచి చూస్తుంటారు. రెండో పక్క ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. అవి రెండు ఏనుగులు కావు, ఒకటే. వీధి కూడా ఒకటే. మీ చూపు ఈ పక్కనుంచి ఆ పక్కకు జరిగేలోపు కాలం గడిచిపోయిందని శిల్పి మీకు చెబుతున్నాడు. మధ్యలో గీత గీసి గదులుగా విడగొట్టలేదు. ఆ పలక ముందు నిలబడిన ప్రతిసారీ, నేను ఇసుక గుంట దగ్గర చేయాలనుకునేది ఇదే కదా అనిపిస్తుంది.

ఇక కెమెరా కథకు వద్దాం. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ బారుగా పేర్చిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని తీశాడు. ఒక్కో కెమెరాకు ఒక్కో ఫొటో, వేటికవే విడివిడి బొమ్మలు. ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మరే అనే శరీరధర్మ శాస్త్రవేత్త దారి వేరు. కదిలే ప్రతిదాన్నీ గీతగా మార్చి చదవాలన్నది ఆయన పట్టుదల. 1882లో ఆయన ఒకే కెమెరాతో, ఒకే గాజు పలక మీద వరస బొమ్మలన్నీ పడేలా ఏర్పాటు చేశాడు. కెమెరాలో చీలికలున్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. చీలిక వచ్చినప్పుడల్లా వెలుతురు లోపలికి వెళుతుంది. ఎదురుగా నల్లటి నేపథ్యం. తెల్లబట్టలు వేసుకున్న మనిషి దాని ముందు దూకుతాడు. నలుపు పలక మీద ముద్ర వేయదు కాబట్టి ఆ మనిషి ఒక్కడే మళ్లీ మళ్లీ పడతాడు.

అయితే అక్కడో చిక్కు వచ్చింది. కదలిక నెమ్మదైతే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి తెల్లటి ముద్ద అయిపోయేవి. ఏ కాలు ఎప్పటిదో తెలిసేది కాదు. మరే ఏం చేశాడో చూడండి. మనిషికి తల నుంచి పాదాల దాకా నల్లబట్టలు తొడిగి, చేతుల పొడుగునా కాళ్ల పొడుగునా తెల్లటి పట్టీలు కుట్టించాడు. ఇక పలక మీద మనిషి ఉండడు, అతని ఎముకల కదలిక మాత్రం గీతలుగా ఉంటుంది. సరిగ్గా అదే కాలంలో ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడు మరే పద్ధతి పట్టుకుని 1885లో 'హిస్టరీ ఆఫ్ ఎ జంప్' అనే ఫొటో తీశాడు. దూకబోయే మనిషి, లేచిన మనిషి, దిగుతున్న మనిషి, అందరూ ఒకే పలక మీద ఉంటారు. ఇవాళ మనం కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి ఆ బొమ్మ తాత వరస అవుతుంది.

సరే, మైదానంలోకి దిగుదాం. లాంగ్ జంప్‌కు కెమెరా ఎక్కడ పెట్టాలి? రన్‌వేకు సరిగ్గా లంబంగా, టేకాఫ్ బోర్డుకూ అతను పడబోయే చోటుకూ నడిమధ్యన. దగ్గరగా నిలబడి వెడల్పాటి లెన్సు వాడితే అంచుల్లో మనిషి సాగిపోతాడు. అందుకని వీలైనంత వెనక్కి వెళ్లి, కాస్త జూమ్ చేసుకోవాలి. ఫ్రేములో బోర్డుకు రెండడుగుల ముందు నుంచి ఇసుక గుంట చివరిదాకా పట్టాలి. ట్రైపాడ్ గట్టిగా బిగించండి. దూకు అయ్యేదాకా కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

తర్వాత కెమెరా తెలివిని కాసేపు పక్కన పెట్టాలి. ఆటో మీద ఉంచితే తెల్ల బనీను వచ్చినప్పుడు ఒక వెలుతురు, నల్ల బనీను వచ్చినప్పుడు ఒక వెలుతురు ఇస్తుంది. అప్పుడు అయిదు బొమ్మలకూ ఆకాశం అయిదు రంగుల్లో ఉంటుంది. కాబట్టి షట్టరు, అపెర్చరు, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్సు అన్నీ మనమే బిగించుకోవాలి. షట్టరు సెకనులో 1,600వ వంతో, ఇంకా తక్కువో ఉంటే కాలి బొటనవేలు కూడా చెదరకుండా వస్తుంది. ఫోకస్ ముందే రన్‌వే నడిమి గీత మీద పెట్టి వదిలేయాలి. అతను ఎలాగూ ఆ గీత మీదే వస్తాడు. ఇక అతను బోర్డుకు రెండడుగుల దూరంలో ఉండగానే బటన్ నొక్కి, ఇసుకలోంచి లేచేదాకా వదలకండి.

ఇప్పుడు చిన్న లెక్క. భయపడకండి, వేళ్ల మీద అయిపోయే లెక్కే. మంచి లాంగ్ జంపర్ గాలిలో సెకనుకు సుమారు తొమ్మిది మీటర్ల వేగంతో ముందుకు సాగుతాడు. మీ కెమెరా సెకనుకు 20 ఫ్రేములు తీస్తుందనుకుందాం. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య అతను కదిలేది 45 సెంటీమీటర్లు. కాళ్లూ చేతులూ చాపిన మనిషి మీటరున్నర చోటు తీసుకుంటాడు. అన్ని ఫ్రేములూ పెడితే మరేకు వచ్చిన ముద్దే మనకూ వస్తుంది. అందుకని ప్రతి నాలుగో ఫ్రేమూ తీసుకోవాలి. అప్పుడు బొమ్మకూ బొమ్మకూ మధ్య 1.8 మీటర్ల దూరం ఉంటుంది, కాలంలో చెప్పాలంటే సెకనులో అయిదో వంతు. బోర్డు విడిచేటప్పుడు ఒకటి, ఇసుక తాకబోయేటప్పుడు ఒకటి, మధ్యలో మూడు. అయిదు బొమ్మలెందుకంటే ఇందుకు.

ఆ అయిదింటినీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పేర్చాలి. ఫొటోషాప్ ఉంటే సరే, లేకపోతే జింప్ ఉచితంగానే దొరుకుతుంది. కింద ఒక ఫ్రేము నేపథ్యంగా ఉంటుంది. పైన ఉన్న ప్రతి లేయరుకూ నల్లటి మాస్కు వేసి మొత్తం దాచేసి, మనిషి ఉన్న చోట మాత్రం తెల్ల బ్రష్‌తో రుద్దుకుంటూ వెళితే అతను ఒక్కొక్కడుగా బయటికొస్తాడు. ట్రైపాడ్ కదలకుండా ఉంటే ఈ పని కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. నేపథ్యం బాగా చీకటిగా ఉండి మనిషి మీద వెలుగుంటే బ్రష్ కూడా అక్కర్లేదు. లైటెన్ అనే బ్లెండ్ మోడ్ పెడితే చాలు, ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న చుక్కే పైకొస్తుంది. మరే నల్లగోడ ముందు చేసింది ఇదే. అలాగే వెనకంతా తేటగా వెలిగే ఆకాశమై మనిషి నీడగా కనిపిస్తుంటే డార్కెన్ పెట్టాలి.

నీడ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ తొందరపడేవాళ్లు చాలామంది. మనిషిని చక్కగా కత్తిరించి పెడతారు, అతని నీడను వదిలేస్తారు. అప్పుడు అయిదుగురూ అంటించిన కాగితం బొమ్మల్లా ఉంటారు. ఎగిరినవాడి నీడ పాదాల నుంచి విడిపోయి కింద ఇసుక మీద వేరుగా ఉంటుంది. ఆ ఎడమే అతను ఎంత ఎత్తులో ఉన్నాడో చూసేవాళ్లకు చెబుతుంది. కాబట్టి బ్రష్‌తో మనిషినీ తేవాలి, నీడనూ తేవాలి. దిగేటప్పుడు లేచిన ఇసుకనూ వదలకూడదు. ఇక జెండా పట్టుకున్న ఆయన నిలబడ్డ చోట నిలబడడు, అటూ ఇటూ కదులుతాడు. ఆయన నేపథ్యంలో ఒకచోటే ఉండేలా చూసుకోవాలి. లేకపోతే బొమ్మలో ఆయన కూడా అయిదుగురైపోతాడు.

ఇంత కష్టపడి చేసిన బొమ్మలో ఏం కనిపిస్తుందో చెప్తాను, వినండి. మొదట అయిదుగురి నడుముల దగ్గర తలా ఒక చుక్క పెట్టి కలపండి. నున్నటి వంపు గీత వస్తుంది. నేల విడిచిన శరీరం గరిమనాభి పోయే దారి దాదాపు అదే. కాలు బోర్డు విడిచిన క్షణాన ఉన్న వేగం, కోణం, ఎత్తు, ఈ మూడే ఆ దారిని నిర్ణయిస్తాయి. ఆపైన గాలిలో కాళ్లు ఎంత ఆడించినా దాన్ని మార్చలేరు. మరి గాలిలో పరుగెత్తినట్టు కాళ్లెందుకు ఆడిస్తారు? టేకాఫ్ దగ్గర శరీరానికి ముందుకు తిరగబడే గుణం అంటుకుంటుంది. దాన్ని ఆ కాళ్లూ చేతుల తిప్పుడు అదుపులో పెడుతుంది. లేకపోతే కాళ్లు త్వరగా కిందికి వచ్చేసి ఇసుకలో ముందే గుచ్చుకుంటాయి. ఈ సంగతి మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు. అయిదు బొమ్మల మీద గీత గీసి చూపిస్తే వెంటనే ఎక్కుతుంది. బోర్డు దగ్గర పనంతా అయిపోవాలి సార్ అని వాళ్లే అంటారు.

హై జంప్‌లో ఇంకో చిత్రం ఉంది. అంతే కాలవ్యవధితో బొమ్మలు పేర్చితే బార్ దగ్గరికి వచ్చేసరికి అవి కుదురుగా గుంపు కడతాయి. పైకెగిరిన ఏ వస్తువైనా, లేచిన చోటికే దిగేటట్టయితే, గాలిలో ఉండే కాలంలో సగం ఎగిరిన ఎత్తులోని పై పావు భాగంలోనే గడుపుతుంది. గొప్ప జంపర్లు గాలిలో ఒక్క క్షణం ఆగిపోయారని మనకు అనిపించేది అందుకే. వాళ్లు ఆగలేదు. గురుత్వాకర్షణ అందరికీ ఒకే లెక్క రాస్తుంది. 1968లోనే, అదే మెక్సికో ఒలింపిక్స్‌లో, డిక్ ఫాస్బరీ వీపు బార్ వైపు తిప్పి 2.24 మీటర్లు దాటి బంగారు పతకం తీసుకున్నాడు. ఆ పద్ధతిలో తల, భుజాలు, నడుము, మోకాళ్లు, మడమలు ఒకదాని తర్వాత ఒకటి బార్ మీదుగా వెళతాయి. శరీరం విల్లులా వంగి ఉంటుంది కాబట్టి మనిషి పైనుంచి వెళుతున్నా అతని గరిమనాభి బార్ కిందుగా కూడా పోవచ్చు. ఒక్క ఫ్రేములో వంగిన నడుమే చూస్తారు. వరస బొమ్మలో ఏ అంగం ఎప్పుడు వంతు తీసుకుందో చూస్తారు.

ట్రిపుల్ జంప్ అయితే పెద్ద కాన్వాసు కావాలి. 1995లో గోథెన్‌బర్గ్‌లో జొనాథన్ ఎడ్వర్డ్స్ 18.29 మీటర్లు దూకాడు. హాప్ 6.05, స్టెప్ 5.22, జంప్ 7.02. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ చెరపలేదు. అంత దూరం ఒకే ఫ్రేములో పడితే మనిషి చీమంత అవుతాడు. కాబట్టి కెమెరాను అతని వెంట తిప్పుతూ తీసి, ముందు నేపథ్యాలను పనోరమాలా అతికించి, తర్వాత మనిషిని పేర్చాలి. శ్రమే, కానీ మూడు వంపులూ ఒకచోట కనిపించినప్పుడు ఆ శ్రమ గుర్తుండదు. నడిమి వంపు పొట్టిగా, నేలబారుగా ఉంటుంది. అక్కడ వేగం పోగొట్టుకోనివాడే మూడో వంపులో దూరం పోతాడు.

ఇప్పుడు అసలు మాట చెబుతాను, ఇంతసేపూ దీని కోసమే మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఈ బొమ్మలకు ఒక నియమం ఉండాలి. బొమ్మల మధ్య కాలం సమానంగా ఉండాలి. మనిషిని అతను ఉన్న చోటనుంచి ఒక్క వేలు కూడా జరపకూడదు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయా? వాటిలో అందంగా లేనిదాన్ని తీసేయాలనో, కాస్త పక్కకు నెట్టాలనో చేయి లాగుతుంది. ఆ పని చేస్తే నేను పైన చెప్పిన వంపు గీత అబద్ధమైపోతుంది. బొమ్మ అందంగానే ఉంటుంది, కాని దాన్ని నమ్మి ఓ పిల్లవాడు కాలు ఎప్పుడు చాపాలో నేర్చుకుంటే తప్పు నేర్చుకుంటాడు. అడ్డుపడితే మొత్తం ఎడం పెంచండి. నాలుగో ఫ్రేము బదులు అయిదోది తీసుకోండి, అన్నిటికీ అదే కొలత పెట్టండి. రెండు వేర్వేరు దూకుల్లోంచి బాగున్న ముక్కలు ఏరి కలపడం అసలే వద్దు. బొమ్మ కింద ఇది అనేక ఫ్రేములు కలిపి చేసిన కాంపోజిట్ అని రాయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎంత కాలం, ఇవన్నీ రాయండి. అమరావతి శిల్పి ఏనుగును రెండుచోట్ల చెక్కాడు, చూసినవాళ్లెవరూ మోసపోలేదు. మన బొమ్మ చూసినవాళ్లూ మోసపోకూడదు.

ఇదంతా పెద్ద కెమెరాలవాళ్ల సంగతి, మాకెందుకు అంటారేమో. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. మంచి ఎండలో, గోడకో కుర్చీకో ఫోన్‌ను కదలకుండా ఆనించి, సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీయండి. అందులోంచి ప్రతి పన్నెండో ఫ్రేమూ బయటికి తీస్తే మళ్లీ అదే సెకనులో అయిదో వంతు ఎడం వస్తుంది. మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. ఆ ఏడు అంశాల్లో హై జంప్ ఉంది, లాంగ్ జంప్ ఉంది. అలాంటి పిల్లలు మన స్కూలు మైదానాల్లో, గురుకులాల్లో ఇంకా ఎంతమంది దూకుతున్నారో! వాళ్లలో చాలామంది తమ దూకును తామే ఎన్నడూ చూసుకోలేదు. దూకేవాడికి తన దూకు కనపడదు కదా.

కాబట్టి మీ దగ్గర్లో ఎక్కడ మీట్ జరిగినా ఓసారి ఇసుక గుంట దగ్గరికి వెళ్లండి. మాస్టారినీ, పిల్లల పెద్దవాళ్లనూ అడిగి, సరేనంటేనే తీయండి. ఇంటికొచ్చి ఓపిగ్గా పేర్చండి. పూర్తయ్యాక దాన్ని మీ ఫోన్‌లోనే దాచుకోకుండా ప్రింటు తీయించి ఆ పిల్ల చేతికో, ఆ పిల్లవాడి చేతికో ఇవ్వండి, మాస్టారికి ఇంకో కాపీ ఇవ్వండి. వచ్చే దూకుకు ఏం మార్చుకోవాలో వాళ్లిద్దరూ దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకుంటారు. తీసిన మనకంటే దూకిన వాళ్లకే ఆ బొమ్మ అవసరం ఎక్కువ.